లండన్ వరుస ఇళ్లలోకి వెలుతురు

లండన్ వరుస ఇంటికి కిటికీ పెట్టుకునే వీలున్న గోడలు రెండే: వీధి వైపు ఒకటి, పెరటి వైపు ఒకటి. పక్క గోడలు రెండూ పొరుగువారితో ఉమ్మడి. చాలా ఇళ్లకు వీధి వైపు వెడల్పు 15 నుంచి 20 అడుగులు. లోతు అంతకన్నా ఎక్కువ. తెలుగునాట మండువా ఇంటికి నడిమధ్యనే ఆకాశం కనిపిస్తుంది. ఇక్కడ నడిమి భాగమే చీకటి.

1666 నాటి లండన్ మహా అగ్నిప్రమాదం తరువాత, 1667 చట్టం కొయ్య ఇళ్లను మాన్పించి ఇటుక గోడలు కట్టించింది. 1774 చట్టం ఇళ్లను నాలుగు తరగతులుగా విభజించింది. ఇలా కట్టిన ఇళ్లలోకి వెలుతురు తేవడానికి ఆ కాలపు మేస్త్రీలకు తెలిసిన ఉపాయాలు కొన్నే: నడవా కోసం వీధి తలుపు మీద అర్ధచంద్రాకారపు గాజు, మెట్ల కోసం పైకప్పులో మరో గాజు, నేలమాళిగ వంటగది కోసం దాని కిటికీ ముందు తవ్విన గొయ్యి.

వెలుతురుకు అడ్డుపడింది గోడలే కాదు, ఖజానా కూడా. 1696లో వచ్చిన కిటికీ పన్ను 1851 దాకా సాగింది. పన్ను తప్పించుకోవడానికి ఎందరో కిటికీలను ఇటుకలతో మూసేశారు. అయితే ఇప్పటికీ కనిపించే మూసిన కిటికీలన్నీ పన్ను వల్లనే అనుకోకూడదు. ముఖభాగం సమంగా కనిపించాలని మొదటి నుంచీ ఉత్తుత్తి కిటికీలుగా కట్టినవీ ఉన్నాయి. గాజు మీద వేరే సుంకం ఉండేది. అది 1845లో పోయింది.

ఇరుకింట్లో వెలుతురుతో ఎంత చేయవచ్చో చూపినవాడు వాస్తుశిల్పి జాన్ సోన్. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో 1792లో 12వ నంబరు ఇంటిని కొని తిరగకట్టాడు. 1812లో పక్కనున్న 13వ నంబరు ఇంటిని కూడా తిరగకట్టడం మొదలుపెట్టాడు. గోడల్లో దొరకని వెలుతురును ఆయన పైనుంచి తెచ్చాడు. ఫలహారపు గదిలో గుమ్మటాన్ని గోడల దాకా ఆనించకుండా ఆపి, ఆ సందుల్లో పైనుంచి వెలుతురు జారేలా చేశాడు. కుంభాకార అద్దాలు దాన్ని గదంతా చెదరగొడతాయి. కొన్నిచోట్ల పసుపు గాజు వాడడంతో లండన్ మబ్బు వెలుగు కూడా ఎండలా కనిపిస్తుంది. 1833 నాటి చట్టం ఆ ఇంటిని ప్రదర్శనశాలగా నిలిపింది.

సుంకాలు పోయాక విక్టోరియా కాలపు ఇళ్లకు పెద్ద పలకల కిటికీలు, వీధి వైపు ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలు వచ్చాయి. ముందు గది వెలిగింది. వెనక మాత్రం ఇంటికన్నా సన్నగా ఒక పొడుగు భాగం కట్టి, దాని పక్కన ఇరుకు సందు వదిలారు. వెనక గది కిటికీ ఆ సందులోకే చూసేది.

వెలుతురును మసకబార్చే పొగను తగ్గించడానికి 1956లో పొగ నియంత్రణ చట్టం వచ్చింది. 1959లో పిల్కింగ్టన్ సంస్థ, పెద్ద చదును పలకలకు వీలైన ఫ్లోట్ గాజును ప్రకటించింది. ఇళ్లలోనూ ముందు వెనక గదుల మధ్య గోడ తీసేయడం మామూలైంది. తరువాత పెరటి వైపున్న ఆ ఇరుకు సందును కూడా వెనక భాగపు వంటగదిలో కలుపుకోసాగారు. తరచూ జరిగే పొరపాటు ఇక్కడే ఉంది: ఇల్లు వెనక్కి పెరిగేకొద్దీ నడిమి గదికి పెరటి కిటికీ దూరమవుతుంది. అందుకే సందు పైకప్పులో గాజు తప్పనిసరి. పెంకుటింట్లో ఒక గాజు పెంకు చేసే పనే ఇది, కొలత మాత్రం పెద్దది. వేసవిలో దాని కింద వేడి తక్కువేమీ కాదు.

పొరుగువారి హక్కులూ ఉన్నాయి. ఉమ్మడి గోడ పనికి 1996 చట్టం ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వాలి. 20 ఏళ్లు ఒక కిటికీ గుండా వెలుతురు అనుభవించినవారికి 1832 చట్టం కింద దానిపై హక్కు రావచ్చు. సందు మీది గాజు కప్పును చాలాచోట్ల పొరుగింటి వైపు కిందికి వాల్చి, సరిహద్దు గోడను పొట్టిగా ఉంచడానికి పక్కింటి వెలుతురు కూడా ఒక కారణం.