గట్టు మీది వావిలి కంచె

అరకు లోయలో మా చేల గట్ల మీద వావిలి, అడవి ఆముదం, వెదురు కలిసిన పాత కంచెలు ఇంకా అక్కడక్కడా మిగిలాయి. పశువులు, మేకలు వావిలి ఆకు జోలికి పోవు. అందుకే మా పెద్దలు దాన్ని నాటారు. ఆ ఆకునే గాదెలో వేసి గింజకు పురుగు పట్టకుండా చూసుకున్నారు. కంచె వేళ్లు వాలు నేల మీద మట్టిని పట్టి ఉంచుతాయి. పొదల్లోని తొండలు, పికిలిపిట్టలు చేనిలో పురుగును ఏరి తింటాయి. వలిసె పువ్వు గింజ కట్టాలంటే తేనెటీగ రావాలి. వలిసెలు పూయని నెలల్లో ఆ ఈగకు మేత కంచె పూలే.

కంచె మా చరిత్ర కూడా. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండలు రిజర్వు అడవులయ్యాయి, పోడుకు అడ్డుకట్ట పడింది. మా తాతల చేతిలో పట్టా లేదు, గట్టు మాత్రం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో 13వది చదును చేసిన నేలను, గట్లను, పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంది. కంచె నిలిపిన ఆ గట్టే మా దస్తావేజు.

ఇప్పుడు ముళ్ల తీగ కోసం ఆ కంచెలనే నరుకుతున్నాం. తీగ పశువును ఆపుతుంది గానీ మట్టిని పట్టదు, ఈగను పిలవదు. బడి పిల్లలను వెంటబెట్టుకుని ఏ కంచె ఎవరు నాటారో రాసి పెడదాం. చెప్పే పెద్దలు ఉండగానే రాద్దాం.