యాపిల్ తోటలో తేనెటీగ ఎంపిక

హిమాచల్ ప్రదేశ్ కొండవాలుల్లో ఏప్రిల్ వస్తే యాపిల్ చెట్లు తెలుపు, గులాబీ వర్ణాల పూతతో నిండిపోతాయి. చూసేవారికి అది పంటకు హామీలా తోస్తుంది. తోట యజమానికి మాత్రం ఆ కొద్ది దినాలే అసలు పరీక్ష. పూత ఎంత విరగబూసినా, తేనెటీగ వచ్చి వాలకపోతే, వాలినా సరైన చోట తాకకపోతే పిందె నిలవదు.

అమెరికా నుంచి వచ్చి కోట్‌గఢ్ ప్రాంతంలో స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ 1910ల దశకంలో అక్కడ నాటించిన డెలీషస్ రకాలే నేటికీ ఈ కొండల్లో ప్రధానమైనవి. ఈ రకాల్లో ఒక చెట్టు పుప్పొడి అదే రకం పూలను ఫలవంతం చేయలేదు. గోల్డెన్ డెలీషస్, రెడ్ గోల్డ్ వంటి వేరొక రకం పుప్పొడి తప్పనిసరి. ఆ పుప్పొడి బరువైనది, జిగురుగలది, గాలికి ఎగిరిపోదు. దానిని మోసుకువచ్చేది ప్రధానంగా తేనెటీగలే. యాపిల్ పువ్వులో అయిదు కీలాగ్రాలుంటాయి. అన్నిటికీ పుప్పొడి చక్కగా అందితే కాయలో పది వరకు గింజలు ఏర్పడతాయి. గింజలు తక్కువైన వైపు కాయ ఎదగక వంకర తిరుగుతుంది. సంతలో దాని ధర పడిపోతుంది.

తేనెటీగ వైపు నుంచి చూస్తే ఈ వ్యవహారం వేరు. పంటతో దానికి నిమిత్తం లేదు. మకరందంలో చక్కెర ఎంత, పుప్పొడి ఎంత, దూరమెంత అన్నదే దాని లెక్క. మంచి పూల జాడ కనుగొన్న ఈగ పట్టుకు తిరిగి వచ్చి నాట్యం ద్వారా దిక్కును, దూరాన్ని తోటి ఈగలకు తెలుపుతుంది. ఈ భాషను విడమరచిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. ఆహారం ఎంత సమృద్ధిగా ఉంటే నాట్యం అంత దీర్ఘంగా సాగుతుంది, అన్ని ఎక్కువ ఈగలు బయలుదేరుతాయి.

బేరి తోటల కష్టం ఇక్కడే ఉంది. బేరి పూల మకరందంలో చక్కెర చాలా తక్కువ. పక్కనే ఆవాల పూత ఉంటే ఈగలు బేరిని వదలి అటే మళ్లుతాయి. లిచీ ఇందుకు పూర్తిగా భిన్నం. బీహార్‌లోని ముజఫర్‌పూర్ ప్రాంతంలో లిచీ పూతకాలానికి తేనెపెట్టెలు తరలివస్తాయి. ఆ తేనెకు విడిగా గిరాకీ ఉంది. మన మామిడి పూత సంగతి మరొకటి: దానిపై తేనెటీగల కంటే మామూలు ఈగల సందడే ఎక్కువ.

యాపిల్ పూలను ఈగలు ఇష్టపడతాయి, కానీ డెలీషస్ పువ్వు నిర్మాణంలో ఒక చిక్కు ఉంది. దాని కేసరాల మొదళ్ల మధ్య ఎడం ఎక్కువ. మకరందం కోసం వచ్చిన ఈగ రెక్కపై నిలిచి, ఆ సందులోంచి పక్కగా నాలుక చాపి తేనె పీల్చుకుపోతుంది. కీలాగ్రాన్ని తాకనే తాకదు. కొత్తగా వచ్చిన ఈగలు మొదట పువ్వు నడిబొడ్డునే వాలినా, కొన్ని సందర్శనలలోనే ఈ అడ్డదారి నేర్చుకుంటాయి. పుప్పొడి సేకరించే ఈగలకు ఈ అలవాటు ఉండదు. తోటకు నిజమైన మేలు వాటి వల్లే. తోట నిండా ఈగలు తిరిగినా కాపు పలుచనగా ఉండడానికి ఇదీ ఒక కారణం.

వాతావరణం మరో అడ్డంకి. 1962లో కాంగ్‌డా జిల్లా నగరోటాలో భారతదేశంలో తొలిసారి విజయవంతంగా స్థిరపడిన ఐరోపా తేనెటీగ, ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు దిగువన ఉంటే పట్టు దాటి రావడానికి వెనుకాడుతుంది. దేశవాళీ తేనెటీగ అంతకన్నా చలిలోనూ, ఉదయం మరింత ముందుగానూ పనికి దిగుతుంది. తేనె దిగుబడిలో మాత్రం ఐరోపా ఈగదే పైచేయి కాబట్టి పెంపకందారులు దానివైపే మొగ్గుచూపారు. చలి వసంతంలో ఆ ఎంపిక ఖరీదు తోటకు తెలుస్తుంది.

మంచి ధర కోసం తోటంతా డెలీషస్‌తో నింపి, పుప్పొడినిచ్చే రకాలను తగ్గించుకున్న రైతులు ఇతర రకాల పూకొమ్మలను కోసి, నీళ్ల సీసాల్లో ఉంచి చెట్లకు వేలాడదీస్తారు. పూతకాలానికి తేనెపెట్టెలను అద్దెకు తెస్తారు. వాటిని ముందుగా తేవడం పొరపాటు: ఈగలు చుట్టుపక్కల కలుపు పూలకు అలవాటు పడితే మళ్లించడం కష్టం. ఒక విహారంలో ఒకే జాతి పూలను అంటిపెట్టుకోవడం వాటి స్వభావం. అందుకే పూలు సుమారు పది శాతం విచ్చుకున్నాక పెట్టెలు దించమని నిపుణులు సూచిస్తారు.

చైనాలోని సిచువాన్ రాష్ట్రం మావోషియన్ ప్రాంతంలో పరిస్థితి చెట్లెక్కి మనుషులే పుప్పొడి అద్దే వరకు వెళ్లింది. అక్కడ పూతకాలంలోనూ పురుగుమందులు చల్లడం వల్ల పెంపకందారులు తమ పెట్టెలను ఆ తోటలకు తీసుకురావడానికి ఇష్టపడలేదు. హిమాచల్‌లోనూ మొగ్గ గులాబీ రంగు తేలినప్పటి నుంచి రెక్కలు రాలే వరకు పురుగుమందు జోలికి పోవద్దని ఉద్యాన శాస్త్రజ్ఞులు చెబుతారు. పక్క తోటవారు కూడా పాటిస్తేనే అది ఫలిస్తుంది. ఈగకు గట్లు, సరిహద్దులు తెలియవు.