ఉప్పల్, నాచారాలలో విద్యుత్ రొద: గిటార్ హోరుకు ఒక చరిత్ర

కొత్త ఎలక్ట్రిక్ గిటార్‌ను ఆంప్లిఫయర్‌కు తగిలించగానే, తీగ మీటకముందే గుయ్‌మని వినిపించే హోరును కొన్నవారు వాద్యపు లోపమనుకోవడం సహజమే. అయితే ఆ హోరుకు కారణం చాలాసార్లు గది గోడల్లోని కరెంటులో ఉంటుంది కనుక, హైదరాబాద్‌లో పరిశ్రమలతో పెరిగిన ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాలలో దాని కథ ఆ ప్రాంతాల విద్యుత్ చరిత్రలో భాగమవుతుంది.

కదిలే అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించాడు. ఆ సూత్రంతోనే జార్జ్ బోషాం రూపొందించిన గిటార్‌ను రికెన్‌బ్యాకర్ సంస్థ 1932లో అమెరికాలో అమ్మకానికి పెట్టింది. స్ట్రింగుల కింద అమర్చే పికప్ అనే భాగంలో, అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లుగా చుడతారు. ఉక్కు స్ట్రింగు కంపించినప్పుడు ఆ క్షేత్రం చలించి చుట్టలో సంకేతం పుడుతుంది. చిక్కేమిటంటే, స్ట్రింగు పుట్టించే మార్పుకూ, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ పుట్టించే మార్పుకూ ఆ చుట్టకు తేడా తెలియదు. భారతదేశపు కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది కాబట్టి ఇక్కడి హోరు ఆ 50 హెర్ట్జ్ మంద్రస్వరంలోనూ, దాని గుణిజాలలోనూ వినిపిస్తుంది. దీనికి విరుగుడుగా గిబ్సన్ సంస్థలో పనిచేసిన సేత్ లవర్, రెండు చుట్టలను వ్యతిరేక దిశల్లో కలిపి బయటి రొదను రద్దుచేసే హంబకర్‌కు 1955లో పేటెంటు దరఖాస్తు చేయగా, 1959లో అది మంజూరైంది.

ఇదే ఇబ్బందిని మరో రూపంలో ఉప్పల్ రోడ్డులోని ఒక శాస్త్ర సంస్థ కూడా ఎదుర్కొంది. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో 1964లో భూ అయస్కాంత పరిశీలనాలయం ఏర్పడింది. అక్కడి పరికరాలు నలభై వేల నానోటెస్లాలకు పైబడిన భూ క్షేత్రంలో కొద్దిపాటి మార్పులను గుర్తించాలి. నగరం విస్తరించి, వాహనాలూ ఇనుమూ కరెంటు లైన్లూ చుట్టుముట్టినకొద్దీ ఆ సున్నితమైన కొలతలకు రొద అడ్డుతగలడంతో, సంస్థ నగరానికి దూరంగా చౌటుప్పల్‌లో మరో పరిశీలనాలయాన్ని నెలకొల్పింది. రెండు సందర్భాల్లో ఇబ్బంది పెట్టే మార్పుల వేగం వేరైనా, ఊరి విద్యుత్తు కొలతల్లోకి చొరబడే తీరు ఒకటే. తేడా ఏమిటంటే శాస్త్రజ్ఞులు దూరంగా వెళ్ళగలిగారు. వాద్యకారులు ఉన్నచోటే ఉపాయం వెతుక్కోవాలి.

నాచారం పారిశ్రామికవాడలోని మోటార్లూ వెల్డింగు యంత్రాలూ, ఇళ్ళలోని రెగ్యులేటర్లూ ఎల్‌ఈడీ దీపాలూ కలిసి రొదను పెంచగలవు. అయినా అన్నిటికన్నా ముందు చూడవలసినది ఎర్తింగు. సాకెట్‌లోని పెద్ద రంధ్రం నుంచి బయలుదేరే తీగ నేలలో పాతిన లోహపు పలకకో కడ్డీకో చేరుతుంది. పాతకాలపు పద్ధతిలో దాని చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి, వేసవిలో నీళ్ళు పోస్తూ తడిగా ఉంచేవారు. ఈ దారి తెగిన గదిలో ఎంత ఖరీదైన గిటార్ అయినా హోరెత్తుతుంది. హోరు తగ్గుతుందని ప్లగ్గు ఎర్త్ పిన్నును తీసివేయడం మాత్రం ప్రాణాంతకం.

అందుకే హోరుకు కారణం వెతికే గిటార్ మెకానిక్కు ఆంప్ దగ్గర మొదలుపెట్టి గిటార్ వైపు వెనక్కి వస్తాడు. గిటార్ తీసేసినా హోరు తగ్గకపోతే ఆంప్‌నో సాకెట్‌నో అనుమానించాలి. కేబుల్ మార్చగానే తగ్గితే తప్పు కేబుల్‌ది. గిటార్ పట్టుకుని పక్కకు తిరిగినప్పుడు హోరు హెచ్చుతగ్గులైతే అది పికప్ బయటినుంచి పట్టుకుంటున్న క్షేత్రం. మామూలుగా స్ట్రింగులను చేత్తో తాకితే రొద కొంత తగ్గాలి. తాకినా మార్పు లేకపోతే స్ట్రింగులను ఆన్చే బ్రిడ్జికి వచ్చే ఎర్త్ తీగ ఊడిందని సందేహించాలి. నాబు తిప్పినప్పుడు కరకరలాడితే అందులో దుమ్ము చేరినట్టు, ప్లగ్గు కదిపితే శబ్దం తెగిపోతుంటే జాక్ వదులైనట్టు. ఇవి గిటార్‌లోని లోపాలే అయినా సులువుగా సరిచేయగలవి. ఈ వరుసలో పరీక్షించిన తరువాత కూడా మిగిలే హోరుకే హంబకర్ మందు. ఆ వరుస పాటించకుండా కొత్త పికప్ కొనేవారు ఊరి కరెంటు చేసిన తప్పుకు వాద్యం మీద డబ్బు పోస్తున్నారు.