ట్రాక్టరు ట్రక్కు: కమాను కట్టలు, తొట్టి ఎత్తు

ట్రాక్టరు వెనుక తగిలించే ట్రక్కును గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో స్థానిక వెల్డింగ్ షాపుల్లో కట్టించుకోవడం మామూలు. ఛానల్ ఇనుముతో ఛాసిస్, దాని మీద తొట్టి, అడుగున ఇరుసు, ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ రెండు పక్కలా ఉక్కు పట్టీలు పేర్చిన కమాను కట్టలు ఉంటాయి. కంపెనీ బండికి తొట్టి ఎత్తునూ కమాను గట్టిదనాన్నీ ఇంజనీర్లు లెక్కగట్టి ఇస్తారు. ఇక్కడ ఆ నిర్ణయం కట్టించుకునే రైతుదీ, కట్టే మేస్త్రీదీ. ట్రక్కు కుంగుతోందనిపిస్తే కట్టలో మరో రెండు పట్టీలు వేయించడం వాడుక. ఆ ఒక్క పనితో ఎత్తు, గట్టిదనం రెండూ కలిసి మారిపోతాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. గట్టిదనాన్ని మోసే సరుకును బట్టి ముందు తేల్చుకుని, ఎత్తును ఆ తర్వాత వేరే దారిలో సరిచేసుకుంటేనే ట్రక్కు కుదురుగా నడుస్తుంది.

లెక్క కష్టమైనది కాదు. కమాను గట్టిదనం పట్టీల సంఖ్యతో నేరుగా పెరుగుతుంది. పట్టీ మందంతో మాత్రం దాని ఘనం లెక్కన పెరుగుతుంది. ఎనిమిది పట్టీల కట్టకు అదే కొలత పట్టీలు రెండు కలిపితే గట్టిదనం సుమారు 25 శాతం పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల పట్టీల స్థానంలో 12 మిల్లీమీటర్లవి వేస్తే పట్టీల సంఖ్య మారకపోయినా 70 శాతానికి పైగా పెరుగుతుంది. బరువుకు కమాను ఎంత దిగిందో తెలిస్తే బండి ఎంత వేగంగా ఎగిరిపడుతుందో చెప్పవచ్చు. నిండు బరువుకు 10 సెంటీమీటర్లు దిగిన ట్రక్కు సెకనుకు ఒకటిన్నర సార్లకు కాస్త ఎక్కువగా ఊగుతుంది. అదే ట్రక్కు మార్కెట్ యార్డులో సరుకు దించి, 2 సెంటీమీటర్ల దిగుడుతో ఖాళీగా తిరిగొస్తే సెకనుకు మూడున్నర సార్లు ఎగురుతుంది. ఖాళీ ట్రక్కు మోత ఊరి మొగలోనే వినపడేది ఇందుకే. పట్టీలు పెంచేకొద్దీ ఆ ఎగురుడు ఇంకా పెరుగుతుంది, వెల్డింగ్ అతుకులు త్వరగా చిట్లుతాయి. ట్రక్కుకు సాధారణంగా షాకబ్జార్బర్లు ఉండవు. పట్టీలు ఒకదానిపై ఒకటి రాసుకునే రాపిడే ఊగుడును ఆపుతుంది. నల్లరేగడి బురదా తడీ చేరి పట్టీలు తుప్పుతో బిగుసుకుపోతే చిన్న గతుకుల మీద కమాను కదలనే కదలదు. కట్ట విప్పి శుభ్రం చేయించడం కొత్త పట్టీ వేయించడం కన్నా చాలాసార్లు మేలు చేస్తుంది.

డొంక దారుల్లో, వాన పడ్డ నల్లరేగడిలో తొట్టి ఎత్తుగా లేకపోతే బండి దిగబడుతుందని ఒక అభ్యంతరం ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఇరుసు, దాని ఎత్తును నిర్ణయించేది టైరు. కమాను కట్ట ఎంత లావు చేసినా ఇరుసు అంగుళం కూడా పైకి లేవదు, లేచేది తొట్టి ఒక్కటే. గాడిలో ఇరుసు తగులుతున్న ట్రక్కుకు పెద్ద టైరు కావాలి.

తొట్టి లేచినందువల్ల పోయేదేమిటన్నది ఇక్కడి పంటలను చూస్తే తెలుస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో రాక లెక్కంతా టిక్కీల్లోనే, అంటే మిర్చి బస్తాల్లోనే చెబుతారు. ఒక్కో టిక్కీ సుమారు 40 నుంచి 45 కిలోలు, వంద టిక్కీలైతే 4 టన్నులు దాటుతుంది. తొక్కి నింపినా మిర్చి తేలిక సరుకే కాబట్టి వరుస మీద వరుస పేర్చాలి. పత్తి బోరాలు, వరిగడ్డి ఇంకా ఎత్తుకు పోతాయి. ఘనమీటరు ఇసుక సుమారు 1.6 టన్నులు, చీమకుర్తి గెలాక్సీ రాయి సుమారు 3 టన్నులు తూగుతాయి గనుక వాటి బరువు అడుగునే ఉంటుంది. చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లు, భారకేంద్రం 1.6 మీటర్ల ఎత్తులో ఉన్న ట్రక్కు, టైర్ల, కమానుల వంగుడు లెక్కలోకి తీసుకోకపోతే, సుమారు 27 డిగ్రీల వాలు దాకా పడదు. భారకేంద్రం 2 మీటర్లకు చేరితే ఆ హద్దు 22 డిగ్రీలకు పడిపోతుంది. తొట్టిని మరో 10 సెంటీమీటర్లు లేపితే ఇంకొక డిగ్రీ పోతుంది. ఒక్క డిగ్రీయే కదా అనవచ్చు. కాలువ కట్ట మీద ఒక చక్రం అంచు దిగినప్పుడు మిగిలి ఉండేవి ఆ కాసిని డిగ్రీలే. బదులుగా దక్కేదేమీ లేనప్పుడు వాటిని వదులుకోవడం ఎందుకు?

గట్టి కమాను వేస్తే పక్క ఊగుడు తగ్గుతుందన్న మాట నిజమే. అదే ఫలితానికి ఇంకా మంచి మార్గముంది. పక్క ఊగుడును ఆపే శక్తి రెండు కమానుల మధ్య దూరానికి వర్గం లెక్కన పెరుగుతుంది. కమానులను 80 సెంటీమీటర్ల ఎడం నుంచి మీటరు ఎడానికి జరిపితే ఆ శక్తి 56 శాతం హెచ్చుతుంది, నిలువు ఎగురుడు మాత్రం పెరగదు. ట్రక్కు కొత్తగా కట్టించేటప్పుడు మేస్త్రీని పట్టుబట్టి అడగవలసింది ఇదే. ఛాసిస్ అయిపోయాక మార్చడం ఖరీదు. ఒకరోజు మిర్చీ మరొకరోజు ఇసుకా మోసే ట్రక్కుకు హెల్పర్ పట్టీలు సరిపోతాయి. బరువు ఒక హద్దు దాటాకే అవి ఆనుకుని పని అందుకుంటాయి.

ఎత్తును గట్టిదనంతో ముడిపెట్టకుండా మార్చడం కొత్త విద్యేమీ కాదు. అడ్డకమానులుండే 1932 ఫోర్డు కార్లను హాట్ రాడ్లుగా మార్చుకున్న అమెరికన్ కుర్రాళ్లు ముందు ఇరుసును రెండు కొసల దగ్గర వంచి, కమాను గట్టిదనం ముట్టుకోకుండానే బండిని కిందికి దించేవారు. ట్రక్కుకైతే ఇరుసుకూ కట్టకూ నడుమ దిమ్మ వేయడం, తీయడం, కట్ట కొసను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ పొడవు మార్చడం, కట్టను ఇరుసు కిందికి మార్చడం అనే దారులున్నాయి. దించేటప్పుడు ఇరుసు పైకి కదలడానికి చోటు మిగిలిందో లేదో చూడాలి. బంపు రబ్బరుకు గ్రీజు పూసి, నిండు బరువుతో గతుకు దారిలో తిప్పి తెచ్చాక ఆ గ్రీజు చెదిరితే చోటు చాలలేదని అర్థం. పట్టీని గ్యాసుతో ఎర్రగా కాల్చి వంపు తేవడం మాత్రం కూడదు. అలా కాలిస్తే స్ప్రింగు ఉక్కుకు పెట్టిన పదును పోయి పట్టీ కొద్ది రోజుల్లోనే సాగిపోతుంది.

రెండు చక్రాల ట్రక్కులో ఎత్తు ప్రభావం ట్రాక్టరు దాకా పోతుంది. 4 టన్నుల సరుకు భారకేంద్రం హుక్కుకు మీటరు పైన ఉండి, ఇరుసు హుక్కుకు 3 మీటర్ల దూరంలో ఉంటే, తొట్టి 5 డిగ్రీలు ముందుకు వాలినప్పుడు హుక్కు మీద సుమారు 115 కిలోలు అదనంగా పడుతుంది. అది హెచ్చుమీరితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. వెనక్కి వాలితే హుక్కు తేలికై వెనుక చక్రాల పట్టు సడలుతుంది. అందుకే కొలతలన్నీ సరుకు వేశాకే తీయాలి. చదునైన సిమెంటు నేల మీద టైర్లలో గాలి సమం చేసి, ఇరుసు కొసల నుంచి ఛాసిస్ దాకా ఎత్తును రెండు పక్కలా ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి కొలవాలి. హుక్కు పిన్ను నుంచి ఇరుసు రెండు కొసలకూ పురికొస పట్టి చూడాలి. రెండు దూరాలూ సమానం కాకపోతే ట్రక్కు ఒక పక్కకు ఈడుస్తూ టైరును అరగదీస్తుంది. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూబోల్టులను నిండు బరువుతో కొంత దూరం నడిపాక మళ్లీ బిగించాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రక్కు కూడా మోటారు వాహనమే, మార్పులపై ఆ చట్టంలోని 52వ సెక్షను దానికీ వర్తిస్తుంది కనుక రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలను తాకే మార్పుకు ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి.