బీపర్ కాలర్

బీపర్ కాలర్ అనగా పక్షుల వేటలో పాల్గొనే కుక్క మెడకు కట్టే, నిర్ణీత వ్యవధిలో శబ్దం చేసే ఎలక్ట్రానిక్ పట్టెడ. పొదలలోను, ఎత్తైన గడ్డిలోను కంటికి కనిపించని కుక్క ఏ దిక్కున ఉన్నదో, పరుగెత్తుచున్నదో లేక నిలిచి ఉన్నదో యజమానికి తెలియజేయుట దీని పని. ఉత్తర అమెరికా మరియు ఐరోపా దేశాలలో ఇది ఎక్కువగా వాడుకలో ఉంది. భారతదేశంలో అడవి పక్షుల వేట నిషిద్ధము. అందువలన గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె వంటి ప్రాంతాలలో ఈ పరికరాన్ని పొలాలలో, తోటలలో కుక్క తప్పిపోకుండా చూచుకొనుటకు మాత్రమే ఉపయోగించవచ్చును.

నేపథ్యం

పక్షుల వేటకు వాడే కుక్కలలో పాయింటర్, సెట్టర్, బ్రిటనీ మొదలగు జాతులు ముఖ్యమైనవి. ఇవి పక్షి వాసన తగలగానే దాని మీదికి దూకవు; ముట్టె ఆ వైపునకు చాచి, శిలవలె కదలక నిలుస్తాయి. వేటగాడు దగ్గరకు వచ్చేవరకు అలాగే ఉంటాయి. రాజపాళయం, ముధోల్ వంటి దక్షిణ భారత జాతుల పద్ధతి వేరు. ఇవి కంటితో చూచి తరిమి పట్టే కుక్కలు, నిలిచి చూపే కుక్కలు కావు.

ఐరోపాలో ఇటువంటి కుక్కల మెడకు పూర్వం చిన్న గంట కట్టేవారు. మన పల్లెలలో పశువుల మెడకు గంట కట్టుటకు గల కారణమే అక్కడా ఉంది: కనిపించని జంతువు వినిపించాలి. అయితే గంటకు ఒక లోపం ఉన్నది. కుక్క కదులుచున్నంత సేపే గంట మోగుతుంది. పక్షి దగ్గర కుక్క నిలిచిన క్షణాన, అనగా యజమానికి దాని జాడ అత్యవసరమైన సమయంలో, గంట మూగబోతుంది. ఈ లోపాన్ని సవరించుటకే బీపర్ కాలర్ పుట్టినది.

పనిచేయు విధానం

పట్టెడపై ఉండే చిన్న పెట్టెలో బ్యాటరీ, కదలికను పసిగట్టే సాధనం, శబ్దం చేసే స్పీకరు ఉంటాయి. తొలినాళ్ళ పరికరాలలో కదలికను గుర్తించుటకు పాదరసపు స్విచ్చి వాడేవారు. తరువాత వచ్చిన వాటిలో సెల్ ఫోనులలో ఉండే రకపు ఎలక్ట్రానిక్ త్వరణమాపకాలు వాడుతున్నారు. సాధారణంగా ఇందులో మూడు పద్ధతులు ఉంటాయి.

* పరుగు పద్ధతి: కుక్క కదులుచున్నప్పుడు ఐదు లేక పది సెకన్లకు ఒకసారి బీప్ వినిపిస్తుంది.
* నిలుపు పద్ధతి: కుక్క నిలిచినప్పుడు మాత్రమే వేగంగా, ఎడతెగక శబ్దం వస్తుంది. మిగిలిన సమయంలో నిశ్శబ్దంగా ఉంటుంది.
* జాడ పద్ధతి: యజమాని చేతిలోని రిమోటు మీట నొక్కినప్పుడు మాత్రమే పట్టెడ పలుకుతుంది.

కొన్ని పరికరాలలో బీప్‌కు బదులుగా డేగ అరుపు వంటి శబ్దం కూడా ఉంటుంది. డేగ అరుపు వినిన పక్షి ఎగురక నేలకు కరచుకొని ఉంటుందని దీని వెనుక గల ఆలోచన. దీని ఫలితంపై వేటగాళ్ళలో ఏకాభిప్రాయం లేదు.

శబ్దం వినిపించు దూరం

తయారీదారులు ప్రకటించే దూరం సాధారణంగా గాలి లేని సమయంలో, మైదానంలో కొలిచినది. ఆటంకం లేని చోట దూరం రెట్టింపు అయిన ప్రతిసారి ధ్వని తీవ్రత సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్‌లుగా ఉన్న శబ్దం 100 మీటర్ల దూరంలో 60, 200 మీటర్ల దూరంలో 54, 400 మీటర్ల దూరంలో 48 డెసిబెల్‌లకు చేరుతుంది. ఇది కాగితం మీది లెక్క. ఎదురుగాలి, దట్టమైన ఆకులు, మోటారు పంపుల చప్పుడు, రహదారి రొద కలిసినప్పుడు వాస్తవంలో వినిపించే దూరం ఇంకా తక్కువ.

మనిషి చెవి 2000 నుండి 5000 హెర్ట్జ్‌ల మధ్య గల శబ్దాలను బాగా గ్రహిస్తుంది. వయసు పెరిగే కొద్దీ కీచు శబ్దాలు వినే శక్తి ముందుగా తగ్గుతుంది. అందుచేత నడివయసు దాటినవారు సన్నని కీచు స్వరం కంటే కొంత లోతైన స్వరం గల పరికరాన్ని ఎంచుకొనుట మేలు.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

* స్వరం: స్థాయిని, స్వరాన్ని మార్చుకొనే వీలు ఉండాలి. రెండు కుక్కలు ఉన్నచో రెండింటికి వేర్వేరు స్వరాలు అవసరం.
* బరువు: పెద్ద పాయింటర్‌కు భారం కాని పెట్టె చిన్న స్పానియల్‌కు భారం కావచ్చును. కుక్క బరువు, మెడ చుట్టుకొలత చూచి కొనవలెను.
* నీటి రక్షణ: ఐపీఎక్స్ 7 అను గుర్తు గల పరికరం ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకొనగలదు. కాలువలు, బోదెలు ఉన్న చోట దీనికి తక్కువైనది పనికిరాదు.
* బ్యాటరీ: తిరిగి ఛార్జి చేసుకొనే బ్యాటరీ ఖర్చు తగ్గిస్తుంది. మార్చుకొనే బ్యాటరీ విద్యుత్తు లేని చోట ఉపయోగపడుతుంది. ఏది తీసుకొన్నను రోజంతా పనిచేయునా అని ఇంటి వద్దనే పరీక్షించవలెను.
* రిమోటు: దూరం నుండి శబ్దాన్ని ఆపివేయగల రిమోటు ఉన్న పరికరం శ్రేష్ఠం. రిమోటు లేని దానిలో శబ్దం ఆపాలంటే కుక్కనే పట్టుకోవలెను.
* పౌనఃపున్యం: రిమోటు రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ఒక దేశంలో లైసెన్సు లేకుండా అనుమతించిన పౌనఃపున్యం భారతదేశంలో కూడా అనుమతించినదని భావించరాదు. విదేశాల నుండి తెప్పించుకొనేవారు దీనిని ముందుగా సరిచూచుకోవలెను.
* విద్యుదాఘాతం: కొన్ని పట్టెడలలో బీపర్‌తో పాటు కుక్క మెడకు స్వల్ప విద్యుదాఘాతం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంటుంది. కుక్క జాడ తెలుసుకొనుటకు దీని అవసరం లేదు. జంతువులకు అనవసరమైన బాధ కలిగించుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం నేరము.

కుక్క ఆరోగ్యం

కుక్క సుమారు 45,000 హెర్ట్జ్‌ల వరకు శబ్దాలు వినగలదు. మనిషికి ఈ పరిమితి సుమారు 20,000. కుక్క చెవికి బెత్తెడు దూరంలో పెద్ద శబ్దం రోజంతా మోగుట దాని వినికిడికి హానికరం కాగలదు. కావున స్పీకరు చెవి వైపునకు కాక వెనుకకో, పక్కకో తిరిగి ఉన్న పరికరాన్ని ఎంచుకోవలెను. వినిపించగలిగిన అతి తక్కువ స్థాయిలోనే వాడవలెను. పరుగు పద్ధతి కంటే జాడ పద్ధతిలో కుక్కకు శ్రమ తక్కువ.

కొత్త పట్టెడను మొదట శబ్దం లేకుండా కొన్ని రోజులు ఇంటి వద్ద కట్టి, తరువాత తక్కువ స్థాయిలో శబ్దాన్ని అలవాటు చేయవలెను. అన్నం పెట్టే వేళ, ఆటల వేళ దీనిని మొదలుపెట్టుట మంచిది. బెదరిన కుక్క దాగుకొనుటయే గాక పొలంలోకి రావడానికే నిరాకరించవచ్చును.

పట్టెడకు, మెడకు మధ్య రెండు వేళ్ళు దూరునంత సందు ఉండాలి. తడిసిన పట్టెడను అలాగే ఉంచినచో చర్మం ఒరిసి పుండు పడుతుంది. దాని కింద పిడుదులు చేరతాయి. ఇంటికి రాగానే పట్టెడ తీసి, మెడను తుడిచి ఆరబెట్టవలెను.

ఇతర పరికరాలతో పోలిక

గంట చౌకైనది, చెడిపోనిది, బ్యాటరీ అవసరం లేనిది. కాని నిలిచిన కుక్క జాడ చెప్పలేదు. బీపర్ ఆ జాడ చెప్పగలదు, కాని వినిపించు దూరం వరకే. ఉపగ్రహ సంకేతాల ఆధారంగా పనిచేసే జీపీఎస్ పట్టెడలు 2000వ దశకంలో వేటకుక్కలకు వాడుకలోకి వచ్చాయి. ఇవి కుక్క ఉన్న చోటును పటముపై చూపుతాయి, కుక్క చెవికి శబ్దభారం ఉండదు. ఈ రంగంలోని గార్మిన్ సంస్థ కుక్కల శిక్షణ పరికరాల తయారీదారైన ట్రై-ట్రానిక్స్‌ను 2011లో కొనుగోలు చేసింది. దీని తరువాత జాడ చూపుట, శిక్షణ, బీపర్ మూడూ ఒకే పరికరంలో చేరుట సాధారణమైనది. సెల్ ఫోను సంకేతంపై ఆధారపడే రకాలు సంకేతం లేని చోట పనిచేయవు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం

ఈ మూడు పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టాలో, ప్రకాశం బ్యారేజీ నుండి వచ్చే కాలువల కింద ఉన్నాయి. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినవి. పైరును బట్టి ఇక్కడ చూపు, వినికిడి రెండూ మారుతాయి. వరి కోసిన తరువాత మాగాణిలో చల్లే మినుము, పెసర మోకాలి ఎత్తు కూడా ఉండవు కనుక కుక్క చాలా దూరం కనిపిస్తుంది. అక్కడ మామూలు గంటయే చాలును. అదే మాగాణిలో మొక్కజొన్న, జొన్న వేసినచో అడుగు దూరంలోని కుక్క కూడా కనిపించదు. తెనాలి, దుగ్గిరాల వైపు గల అరటి, పసుపు తోటలు, బాపట్ల తీరంలోని సరుగుడు తోటలు కూడా ఇటువంటివే. తీరంలో సముద్రపు హోరు, ఉప్పుగాలి రెండూ ఉంటాయి. హోరు శబ్దాన్ని మింగివేస్తుంది. ఉప్పు ఛార్జింగు కొనలను తుప్పు పట్టిస్తుంది. అందుచేత తీరం నుండి రాగానే పరికరాన్ని మంచినీటితో కడిగి తుడవవలెను.

ఈ ప్రాంతంలో కుక్కలకు పొలంలో చిరకాలంగా ఉన్న పని పక్షుల వేట కాదు, ఎలుకల వేట. వరి పొలాల గట్లలోని ఎలుకలను పట్టుటలో యానాదులు ప్రసిద్ధులు. కలుగును గుర్తించుట, పొగ పెట్టుట, తవ్వుట వారి నేర్పు. ఎలుకలున్న పొలాలలో తిరిగే కుక్కలకు లెప్టోస్పైరోసిస్ టీకా వేయించుట అవసరం. ఈ వ్యాధి మనుషులకు కూడా సోకుతుంది.

డెల్టా పక్షులకు కూడా నెలవు. శీతాకాలంలో బాతులు, ఉల్లంకి పిట్టలు వలస వస్తాయి. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు చెరువులలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. తీతువు నేలపైననే గుడ్లు పెడుతుంది. బాపట్ల తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు సుమారు జనవరి నుండి ఏప్రిల్ వరకు గుడ్లు పెడతాయి. కుక్కలు ఆ గుడ్లను తవ్వి తింటాయి. ఇటువంటి చోట్ల బీపర్ ఉన్నను కుక్కను విడిచిపెట్టరాదు. కుక్క ఎక్కడ ఉన్నదో పట్టెడ చెప్పగలదు గాని, అది చేయుచున్న పనిని ఆపలేదు. తాడు కట్టి నడిపించుటయే మార్గం.

చట్టం

బ్రిటిషు పాలనలో అధికారులు శీతాకాలంలో వరి పొలాలలో ఉల్లంకి పిట్టలను, చెరువులలో బాతులను వేటాడేవారు. స్వాతంత్ర్యానంతరం కూడా కొంతకాలం లైసెన్సు పద్ధతి సాగింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని కట్టడి చేసింది. 1991 సవరణతో వినోదపు వేటకు పూర్తిగా తెరపడింది.

ఈ చట్టంలో వేట అను పదానికి అర్థం విస్తృతమైనది. చంపుట మాత్రమే కాదు. పట్టుట, ఉచ్చు వేయుట, తరుముట, ఎర చూపుట, వీటికి ప్రయత్నించుట కూడా వేటయే. అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను చెదరగొట్టుట కూడా ఇందులోకి వస్తుంది. కావున తుపాకి లేకుండా కుక్కతో కౌజులను లేపించుట నేరం కాదనుకొనుట పొరపాటు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. మొదటి షెడ్యూలులోని జంతువుల విషయంలో శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గకుండా ఉంటుంది. నేరానికి వాడిన ఉచ్చు, ఆయుధం, వాహనం, పనిముట్టు ప్రభుత్వపరం కాగలవు.

పైరుకు నష్టం కలిగించే వన్యప్రాణి విషయంలో కూడా రైతు స్వయంగా వేటకు పూనుకొనరాదు. అధికారం గల అటవీ అధికారి లిఖితపూర్వక ఉత్తర్వు ఉండాలి. కంజు మాంసం కోరువారికి పెంపక కేంద్రాలలోని జపాను కంజులు లభిస్తాయి.

ఇవి కూడా చూడండి

* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
* ఉప్పలపాడు పక్షుల సంరక్షణ కేంద్రం
* సూర్యలంక
* యానాదులు
* కుక్క