అవుట్‌పుట్ బఫరింగ్

అవుట్‌పుట్ బఫరింగ్ అనేది కంప్యూటరు ప్రోగ్రాము వెలువరించే పాఠ్యాన్ని వెంటవెంటనే కన్సోల్‌కు పంపకుండా, మెమరీలో కూడబెట్టి ఒక్కసారిగా పంపే పద్ధతి. అలా కూడబెట్టే మెమరీ భాగాన్ని బఫర్ అని, అందులోని పాఠ్యాన్ని బయటికి పంపివేయడాన్ని ఫ్లష్ చేయడం అని అంటారు. ఎక్కువ పాఠ్యాన్ని వేగంగా ముద్రించడానికి ఇది ప్రధానమైన మార్గం.

నేపథ్యం

తొలినాళ్ళలో కన్సోల్ అంటే తెర కాదు, టెలిప్రింటరు. 1960లలో వాడుకలోకి వచ్చిన టెలిటైప్ మోడల్ 33 యంత్రం సెకనుకు 10 అక్షరాలను మాత్రమే కాగితంపై ముద్రించేది. 1,000 అక్షరాలకు 100 సెకన్లు పట్టేది. తెరలు వచ్చాక ఈ వేగం ఎన్నో రెట్లు పెరిగినా, ప్రాసెసరు వేగంతో పోలిస్తే ముద్రణ నేటికీ నెమ్మదైన పనే.

ఆలస్యానికి కారణాలు

ప్రోగ్రాము సాధారణంగా తనంతట తాను కన్సోల్‌పై వ్రాయదు. ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. దీనిని సిస్టమ్ కాల్ అంటారు. ప్రతి కాల్‌కూ ప్రాసెసరు ప్రోగ్రామును విడిచి కెర్నెల్‌లోకి వెళ్ళి తిరిగి రావాలి. పంపేది ఒక్క అక్షరమైనా ఈ రాకపోకల భారం తప్పదు. ఉదాహరణకు, 10 బైట్ల చొప్పున 1,00,000 వరుసలను విడివిడిగా పంపితే 1,00,000 కాల్‌లు అవసరం. 8,192 బైట్ల బఫర్ ఉంటే 123 కాల్‌లు చాలు.

అక్షరాలను తెరపై గీయడం, వరుసలను పైకి జరపడం రెండవ కారణం. అందుచేతనే అదే పాఠ్యాన్ని ఫైలులోకి మళ్ళిస్తే ప్రోగ్రాము సాధారణంగా త్వరగా ముగుస్తుంది.

రకాలు

సీ భాషా ప్రమాణం మూడు రకాలను గుర్తిస్తుంది.

పూర్తి బఫరింగ్: బఫర్ నిండినపుడు పంపుతుంది. ఫైళ్ళకు సాధారణంగా ఇదే వర్తిస్తుంది.
వరుసవారీ బఫరింగ్: వరుస పూర్తికాగానే పంపుతుంది. యునిక్స్ తరహా వ్యవస్థలలో టెర్మినల్‌కు ఇది వాడుక.
బఫరింగ్ లేకపోవడం: వెంటనే పంపుతుంది. దోష సందేశాలకు ఇది అనువైనది.

వివిధ భాషలలో

సీ భాషలో సెట్‌వీబఫ్ అనే ఫంక్షన్‌తో బఫర్ రకాన్ని, పరిమాణాన్ని మార్చవచ్చు. సీ++ భాషలో ఎండ్‌ఎల్ కొత్త వరుసను ప్రారంభించడమే కాక ప్రతిసారీ ఫ్లష్ చేస్తుంది. కొత్త వరుస గుర్తును మాత్రమే వాడితే ఆ భారం తప్పుతుంది. జావాలో బఫర్డ్‌రైటర్ లేదా స్ట్రింగ్‌బిల్డర్, పైథాన్‌లో జాయిన్ ఇందుకు ఉపకరిస్తాయి. ప్రోగ్రామింగ్ పోటీలలో సరైన పద్ధతిని అనుసరించిన సమాధానం కూడా, ముద్రణలో జాప్యం వలన కాలపరిమితి దాటి తిరస్కరణకు గురికావచ్చు.

జాగ్రత్తలు

ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగిపోతే బఫర్‌లో మిగిలిన పాఠ్యం నశించవచ్చు. అప్పుడు చివరగా కనిపించిన సందేశాన్ని బట్టి దోషం ఎక్కడుందో నిర్ణయిస్తే పొరపాటు జరుగుతుంది. దోషం అంతకంటే ఎంతో ముందుకు ఉండవచ్చు. రెండు ప్రోగ్రాములు పైపు ద్వారా సంభాషించేటపుడు ఒకటి ప్రశ్నను ఫ్లష్ చేయకపోతే, రెండూ ఒకదాని కోసం మరొకటి ఎదురుచూస్తూ నిలిచిపోతాయి. కాబట్టి సమాధానం కోసం ఆగే ముందు, ముఖ్యమైన సందేశం తరువాత ఫ్లష్ చేయాలి. మిగిలిన చోట్ల ఆ పనిని బఫర్‌కే వదిలివేయవచ్చు.

ఇవి కూడా చూడండి

సీ ప్రోగ్రామింగ్ భాష
ఆపరేటింగ్ సిస్టమ్
యునిక్స్