ఆర్థోడాంటిక్ చికిత్సలో నిలుపుదల: రిటైనర్ చారిత్రక పరిణామం

ఎత్తుపళ్ళను, వంకరపళ్ళను సరిచేసే ఆర్థోడాంటిక్ చికిత్స చరిత్రను సాధారణంగా పళ్ళను కదిలించిన పరికరాల చరిత్రగానే చెబుతారు. కదిలిన పళ్ళు కొత్త చోట నిలుస్తాయా అన్న ప్రశ్నకు అందులో చోటు తక్కువ. చికిత్స ముగిశాక ధరించే రిటైనర్ చరిత్ర ఆ ప్రశ్నకు కాలానుగుణంగా వచ్చిన సమాధానాల చరిత్ర.

1899లో పళ్ళ అమరిక లోపాలను వర్గీకరించిన అమెరికన్ వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్, పై కింది పళ్ళు సహజరీతిలో కలిస్తే నమలడంలో కలిగే బలాలే ఆ అమరికను కాపాడతాయని విశ్వసించారు. ఈ దృష్టిలో రిటైనర్ కొంతకాలపు ఊత మాత్రమే. 1919లో చార్లెస్ హాలే వివరించిన రిటైనర్ అంగిలికి అమరే పలక, ముందుపళ్ళ మీదుగా సాగే తీగ కలిగినది. దానిని రోగి స్వయంగా తీసి పెట్టుకోవచ్చు. అంటే, ఫలితాన్ని కాపాడే బాధ్యతలో కొంత వైద్యుని చేతినుండి రోగి చేతికి మారింది.

యాంగిల్ శిష్యుడు చార్లెస్ ట్వీడ్, తాను సరిచేసిన పళ్ళు మళ్ళీ వంకరపోవడం గమనించి, గురువు నిషేధించిన పద్ధతిలో కొన్ని పళ్ళు తీసి తిరిగి చికిత్స చేశారు. అయితే సమస్య స్థలాభావం ఒక్కటే కాదు. 1959లో కారే రైటాన్ కుక్కలపై చేసిన పరిశోధన, తిప్పిన పన్ను చుట్టూ ఎముక త్వరగా సర్దుకున్నా, ఎముకకు పైనున్న చిగురు తంతువులు 232 రోజుల తరువాత కూడా సాగి ఉండటాన్ని చూపింది. పన్నును వెనక్కి లాగే శక్తి కణజాలంలోనే ఉందన్నమాట.

1981లో రాబర్ట్ లిటిల్, సహచరులు పళ్ళు తీసి చికిత్స చేసిన 65 మందిని, రిటైనర్ మానిన కనీసం 10 సంవత్సరాల తరువాత పరిశీలించారు. సుమారు మూడింట రెండు వంతుల మందిలో కింది ముందుపళ్ళ అమరిక సంతృప్తికరంగా లేదు. చికిత్స పొందనివారిలోనూ వయసుతో ఈ పళ్ళు ఇరుకవుతాయని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. అప్పటికే పళ్ళ వెనుక అతికించే తీగలు, పారదర్శక ప్లాస్టిక్ రిటైనర్లు వాడుకలోకి వచ్చాయి.

ఈ పరిణామంలో మారింది పరికరం కంటే ప్రశ్నే. ‘ఎన్ని నెలలు ధరించాలి?’ అన్నది ‘అమరిక ఎంతకాలం కావాలి?’ అన్నదిగా మారింది. పళ్ళు మళ్ళీ కదిలితే రోగి అశ్రద్ధనే కారణంగా చూపడం ఈ చరిత్ర దృష్ట్యా అసంపూర్ణ వివరణ. రిటైనర్ దీర్ఘకాలం అవసరమని చికిత్సకు ముందే తెలిపినప్పుడే రోగి అంగీకారానికి అర్థముంటుంది.